యాత్రికుని వాహనము – వేగసూచిక
(ప్రసంగ పాఠము)



శ్రీశైల యాత్రకు బయలుదేరువారికి ఒక మనవి. స్పీడోమీటరు మరమ్మతులో ముల్లును ఊడదీసి మరల బిగింతురు. వంకరగా బిగించినను, బండి ఆగియున్నప్పుడు అది అడ్డుకు ఆని సున్నమీదనే నిలుచును. కావున నడిపి చూడవలెను.

నిరుడు మేము కడప నుండి కర్నూలు వైపు 40వ జాతీయ రహదారిపై వచ్చుచు, ముల్లును 60 వద్ద నిలకడగా ఉంచితిమి. కిలోమీటరు రాళ్ల నడుమ 60 సెకన్లు పట్టవలసియుండగా, మూడు పర్యాయములును 50 మాత్రమే పట్టినవి. అనగా నిజవేగము 72! వెంటనే వేగము తగ్గించి, నంద్యాలలో ముల్లును సరిచేయించిన పిదపనే నల్లమల ఘాటు ఎక్కితిమి. బండిలో పసిబిడ్డలుండిరి.

మన మనస్సును అంతే. నెమ్మదిగానే పోవుచున్నానని చెప్పును. దానిని పెద్దల మాటతో సరిచూచుకొనవలెను.

స్వస్తి.