పెరటి చెట్టూ, పక్క చెరువూ

(డిట్రాయిట్ ప్రాంతపు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది సభలో పంచాంగ శ్రవణం ఉండాలి, పద్యాలు ఉండాలి. మధ్యలో ఈ చేపలవేట గొడవ ఏమిటని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. దీనికీ పంచాంగానికీ చిన్న సంబంధం ఉన్నది. మిచిగన్ రాష్ట్రంలో చేపలవేట లైసెన్సు గడువు ఏటా మార్చి 31తో ముగుస్తుంది. అంటే మనకు కొత్త సంవత్సరం వచ్చే రోజుల్లోనే ఇక్కడి గాలపు కర్రకూ కొత్త సంవత్సరం వస్తుందన్నమాట. ఆ ధైర్యంతోనే ఈ విషయం ఎత్తుకున్నాను.

మన ఇళ్ళల్లో సెలవు అంటే రెండే అర్థాలు. ఒకటి ఇండియా ప్రయాణం, రెండవది ఫ్లారిడాలో డిస్నీ వరల్డ్. మొదటిదానికి రెండు మూడేళ్ళపాటు సెలవులు కూడబెట్టాలి. రెండవదానికి డబ్బు కూడబెట్టాలి. ఈ రెంటి మధ్య వచ్చే వేసవులు ఏమవుతున్నవి? పిల్లలు టీవీకీ ఫోనుకూ అతుక్కుపోతారు. ఆర్నెల్లకని వచ్చిన తాతయ్య కిటికీ దగ్గర కూర్చొని వీధిలో పోయే కార్లు లెక్కపెడతారు. తండ్రి తన సెలవు దినాలను ఇండియా ప్రయాణం కోసం బ్యాంకులో డబ్బులాగా దాస్తాడు. అలా నాలుగైదు వేసవులు గడిచేసరికి పిల్లవాడు కాలేజీకి వెళ్ళిపోతాడు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన సామెత. మన పెరట్లో ఏమున్నదో ఒక్కసారి చూడండి. ఈ రాష్ట్రంలో 11,000కు పైగా చెరువులున్నవి. అయిదు మహా సరస్సులలో నాలుగు దీనిని ఆనుకొని ఉన్నవి. మీరు ఎక్కడ నిలబడినా ఆరు మైళ్ళలోపు ఒక చెరువో వాగో ఉంటుందని ఇక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. అలాంటి చోట ఇల్లు కొనుక్కొని, నీళ్ళు చూడటానికి విమానమెక్కి పోవడం ఏమి న్యాయం? మూడు రోజుల సెలవు చాలు. రాత్రికి ఇంటికి వచ్చి మన మంచం మీదనే పడుకోవచ్చు. హోటలు ఖర్చు లేదు. పెరుగన్నం మన వంటింటిదే.

అయితే దగ్గర కదా అని ఏర్పాటు లేకుండా బయలుదేరితే ఆ మూడు రోజులూ దుకాణాల చుట్టూ తిరగడంతో సరిపోతుంది. కనుక క్రమంగా చెబుతాను.

మొదటిది కాలం. పిల్లలతో వెళ్ళేవారికి జూన్ మొదటి సగం మంచిది. బ్లూగిల్ అనే అరచేతి వెడల్పు చేప మే చివర, జూన్ నెలల్లో ఒడ్డు దగ్గర లోతులేని నీటిలో గుడ్లు పెడుతుంది. మగచేప తోకతో ఇసుకను ఊడ్చి పళ్ళెంలాంటి గూడు చేసి దానికి కాపలా కాస్తుంది. నీరు తేటగా ఉంటే ఒడ్డు మీద నిలబడే ఈ గూళ్ళు చూడవచ్చు. పడవతో పని లేదు. జూన్ నెలలోనే ఒక శనివారం, ఆదివారం ఎవరికీ లైసెన్సు అక్కరలేకుండా రాష్ట్రం వదిలిపెడుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలకు కూడా ఆ రెండు రోజులు వర్తిస్తుంది. మిగతా రోజుల్లో 17 ఏళ్ళు నిండిన ప్రతివారికీ లైసెన్సు కావాలి. బయటినుంచి వచ్చినవారికి వేరే రకం లైసెన్సు, ఒక్క రోజుకు సరిపోయేది కూడా దొరుకుతుంది. చిన్నపిల్లలకు లైసెన్సు అక్కరలేదు గాని, వాళ్ళ గాలం పట్టుకొని సాయం చేసే పెద్దవారికి ఉండాలి. ఈ సంగతి చాలామంది తండ్రులకు తెలియదు.

పెద్దవాళ్ళు మాత్రమే వెళ్ళదలిస్తే ఏప్రిల్, మే నెలలు. మన గోదావరిలో వరద రోజుల్లో పులస సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వస్తుంది కదా! అలాగే వసంతకాలంలో వాలై అనే చేప ఈరీ సరస్సు నుంచి డిట్రాయిట్ నదిలోకి గుడ్లు పెట్టడానికి వస్తుంది. దానికోసం ఎక్కడెక్కడి వాళ్ళో పడవలు కట్టుకొని వస్తారు. మనం ఆ నది పక్కనే కాపురం ఉంటున్నాము.

రెండవది స్థలం. మొదటి రోజు కెన్సింగ్టన్ మెట్రోపార్కు. అక్కడ కెంట్ లేక్ అని 1,200 ఎకరాల చెరువు ఉన్నది. పిల్లల గాలానికి అది మొదటి బడి. రెండవ రోజు డిట్రాయిట్ నది మధ్యనున్న బెల్ ఐల్. పొద్దున ఒడ్డున గాలం వేసి, ఎండ ఎక్కాక 1904లో కట్టిన అక్వేరియం చూపించవచ్చు. తెరిచే రోజులు ముందుగా కనుక్కోండి. తాము పట్టిన చేప అద్దం వెనక కనబడితే పిల్లల ముఖం చూడాలి! మూడవ రోజు సెంట్ క్లెయిర్ సరస్సు. 430 చదరపు మైళ్ళ నీరు. సగటు లోతు 11 అడుగులే. లోతు తక్కువ కావడం వల్ల త్వరగా వేడెక్కుతుంది, నాచు పెరుగుతుంది, చేపలకు తిండి దొరుకుతుంది. అక్కడ కూడా మెట్రోపార్కు ఉన్నది, ఒడ్డునుంచే వేటాడవచ్చు. పడవ ఎక్కదలిస్తే రెండు మాటలు గుర్తుంచుకోండి. 6 ఏళ్ళలోపు పిల్లలకు చిన్న పడవ మీద లైఫ్ జాకెట్టు తొడగాలని చట్టం. పెద్దవాళ్ళకు బుద్ధి చెప్పాలి. ఇక నదిలోనూ సరస్సులోనూ సగం కెనడాది. గీత దాటి గాలం వేస్తే ఒంటారియో లైసెన్సు కావాలి.

మూడవది సామాను. దుకాణంలో మెరిసేవన్నీ చేపలను పట్టడానికి కాదు, కొనేవారిని పట్టడానికి పెట్టినవి. అయిదారు అడుగుల కర్ర, మీట నొక్కితే దారం వదిలే రకం రీలు, చిన్న గాలాలు, ఒక బెండు, ఒక డబ్బా వానపాములు, ఇంతే. బ్లూగిల్ నోరు చిన్నది. పెద్ద గాలం వేస్తే ఎర తిని పోతుంది. వానపామును మొత్తం గుచ్చవద్దు, చిన్న ముక్క చాలు. మిగిలిన వానపాములను అడవిలో పారబోయకండి. ఈ ఉత్తర అడవులకు అవి పరాయి జీవులు. నేలమీద పరుచుకున్న ఆకులను తినేసి అడవిని పాడుచేస్తాయి. చెత్తబుట్టలో వేయండి.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాను. చేప పట్టిన తెలుగువాడికి మొదట గుర్తు వచ్చేది పులుసు. ఇక్కడ కాస్త ఆగాలి.

ఇది పరిశ్రమల ప్రాంతం. 1970లో పాదరసం బయటపడి సెంట్ క్లెయిర్ సరస్సులో చేపలవేటనే నిలిపివేశారు. 2018లో, పీఫాస్ అనే రసాయనాల వల్ల, హ్యూరన్ నది చేపలు తినవద్దని రాష్ట్ర ఆరోగ్యశాఖ ప్రకటించింది. కెంట్ లేక్ ఆ నదిమీదిదే. అందుకనే దానిని పట్టి వదలడానికే చెప్పాను. పట్టడంలో, నీరు తాకడంలో చిక్కు లేదు, తినడంలోనే ఉన్నది. ఏ చెరువులో ఏ చేప నెలకు ఎన్నిసార్లు తినవచ్చునో ఆరోగ్యశాఖవారు పట్టిక వేసి ఉచితంగా ఇస్తున్నారు. దానిని చూడకుండా ఇంట్లో పొయ్యి వెలిగించకండి. గర్భిణులూ, పసిపిల్లలూ ఉన్న ఇంట్లో మరీను.

ఈ పట్టికను మన వంటకు అన్వయించుకోవాలి. పీసీబీ వంటి విషాలు చేప కొవ్వులో చేరుతాయి. ఇక్కడివాళ్ళు చర్మమూ, పొట్ట దగ్గరి కొవ్వూ తీసేసి నిప్పుల మీద కాలుస్తారు. మిగిలిన కొవ్వు కారిపోతుంది. మనం తలతో, తోలుతో సహా పులుసులో వేస్తాము. కొవ్వంతా పులుసులోనే ఉంటుంది, దానినే అన్నంలో కలుపుకుంటాము. కనుక ఈ నదుల చేపకు తల, తోలు, కొవ్వు తీసేయక తప్పదు. పాదరసం, పీఫాస్ మాత్రం కండలోనే ఉంటాయి. ఏ కత్తికీ, ఏ చింతపండుకూ పోవు. బంగారుతీగ ఇక్కడ కార్ప్ పేరుతో పెద్దదిగా దొరుకుతుంది. చూడగానే ప్రాణం లేచివస్తుంది. కాని కార్ప్, క్యాట్‌ఫిష్ వంటి అడుగున మేసే చేపల్లో ఈ విషాలు ఎక్కువ. పెర్చ్ వంటి చిన్న చేప మేలు; అదైనా పట్టిక చూసిన తరువాతే.

ఇంకొక హెచ్చరిక. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. మనవారికి దానిమీద ఉన్న ప్రేమ నాకు తెలుసు. కాని ఆ జాతినంతటినీ ఈ దేశం 2002లో హానికర జీవుల జాబితాలో చేర్చింది. బతికిన కొర్రమీనును ఈ దేశంలోకి తేవడం నేరం. ఎవరో ప్రేమకొద్దీ చెరువులో వదిలితే ఇక్కడి చేపలకు బతుకు ఉండదు.

శాకాహార కుటుంబాలవారు, మాకెందుకీ పాపమని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గాలం గుచ్చుకుంటే చేపకు బాధ లేదని నేను బుకాయించను. గాలం ముల్లును నొక్కేసి, చెయ్యి తడుపుకొని పట్టుకొని వెంటనే వదిలితే హాని తగ్గుతుంది. పొడి చేతితో పట్టుకుంటే దాని ఒంటిమీది జిగురు పోయి జబ్బు చేస్తుంది. అదీ ఇష్టం లేనివారు గూళ్ళు చూడండి, పక్షులను చూడండి. ఆ ఒడ్డున కూర్చోవడమే సగం సెలవు.

మరి కొందరికి లోలోపల ఇంకొక బెరుకు ఉన్నది. వల వేయడం బెస్తవారి పని, మనకేమిటని. మన ఊళ్ళో ఆ విద్య వారిది. మనం గట్టుమీద నిలబడి బేరమాడినవాళ్ళం. ఒక పూటంతా గాలం వేసి ఉత్త చేతులతో ఇంటికి వస్తేగాని ఆ విద్య విలువ తెలియదు. అది తెలుసుకోవడం కూడా మన పిల్లలకు చదువే. ఊళ్ళో చేపలు పట్టి పెరిగిన తాతయ్యలు మన మధ్య ఉంటే, ఈ దేశంలో వారు ఒకరి సాయం లేకుండా మనుమడికి నేర్పగలిగిన పని ఇది ఒకటి. గాలం ముడి వేయడానికి ఇంగ్లీషు రానక్కరలేదు.

మన పిల్లలు ఇక్కడే పుట్టి పెరుగుతున్నారు. నీది ఏ ఊరని అడిగితే తడబడతారు. మన ఊరి చెరువు మనకు ఎందుకు గుర్తున్నది? అందులో మునిగాము, దాని గట్టున తిరిగాము గనుక. వాళ్ళకూ ఒక చెరువు ఉండాలి. ఆ చెరువులో ఏ చేప ఎప్పుడు గూడు కడుతుందో, ఆ నీటిలో ఎవరు ఏమి కలిపారో తెలిసినవాడు రేపు దానికోసం నోరు విప్పుతాడు. డిస్నీ వరల్డ్‌లో మనం ఎప్పటికీ అతిథులమే. ఇంటి పక్క చెరువు దగ్గర కాదు.

ఇంటికి వెళ్ళగానే క్యాలెండరు తీసి జూన్‌లో మూడు రోజులకు గీత పెట్టండి. మిగతావి మెల్లగా సమకూరుతాయి. పులిహోర చల్లారిపోతున్నది గనుక ఇక నేనూ సెలవు తీసుకుంటాను.