పెంపుడు కుక్కలు - బలవర్ధక చూర్ణములు



నేడు మన పట్టణములలో కుక్కను పెంచు గృహములు పెక్కు గలవు. పూర్వము వీధి అరుగు క్రింద పడియుండి, మిగిలిన మెతుకులు తిని కాపలా కాచిన జంతువు నేడు నట్టింటికి వచ్చినది. అది తినెడి పళ్లెము ప్రక్కనే ఒక సీసాయో, ఒక డబ్బాయో తరచుగా కానవచ్చుచున్నది. కీళ్లకు ఒక చూర్ణము, వెండ్రుకల నిగారింపునకు చేపనూనె, ఎముకలకు కాల్షియము, జీర్ణశక్తికి వేరొక పొడి, సర్వమునకును విటమినులు. వీనిని దినదినమును పెట్టవలెనని అంగడివాడు చెప్పును. పెట్టుచున్నామని యజమానుడు తృప్తి నొందును. "మీ కుక్కకు దీనివలన మేలు కలిగినదా?" యని యడిగినచో, "కలుగకేమి? మునుపటికంటె హుషారుగా నున్నది" అని బదులు వచ్చును. ఆ హుషారను మాట యెంతవరకు ప్రమాణమో విచారించుటయే నేటి నా ప్రసంగ విషయము.

నేను పశువైద్యుడను గాను. ముప్పదియైదేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. బాల్యమున గురుసన్నిధిని కొంత తర్కము చదివితిని. ఏ వ్యాధికి ఏది మందో చెప్పుట వైద్యుని పని. కాని "ఇది దీనివలననే కలిగినది" అని చెప్పుటకు ఎట్టి ఆధారము కావలెనో విచారించుట తర్కము పని. ఆ రెండవ దానియందే నాకు కొంచెము ప్రవేశము గలదు గనుక, ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్ప సాహసించితిని.

మహాభారతము ఆదిపర్వమున సరమ యను దేవశునకము కథ యున్నది. జనమేజయుని సోదరులు యజ్ఞవాటికయందు నిరపరాధియైన దాని పిల్లను కొట్టిరి. ఆ తల్లి నేరుగా రాజు నెదుటికి వచ్చి, "నా బిడ్డ యేమి తప్పు చేసెను?" అని ప్రశ్నించినది. మన యింటి కుక్కకు అట్టి తల్లి లేదు. నొప్పి తగ్గినదో లేదో అది చెప్పజాలదు. దాని పక్షమున సాక్ష్యము పలుకవలసినవారము మనమే. ఆ సాక్షి తన కోరికను కన్నులతో చూచినదానితో కలిపి చెప్పినచో, నష్టము నోరులేని జీవమునకే గదా!

కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలినది. అదే క్షణమున పండు రాలినది. కాకి బరువునకే పండు రాలినదని పలుకుటను మన పెద్దలు కాకతాళీయ మనిరి. చూర్ణము పెట్టితిమి, పిమ్మట కుక్క బాగుపడినది. ఇంతమాత్రమున చూర్ణము కారణము కాజాలదు. ఇందు మనలను వంచించునవి మూడు గలవు.

మొదటిది కాలము. కీళ్లనొప్పి వంటి వ్యాధులు చంద్రకళలవలె వృద్ధిక్షయములు గలవి. మనము డబ్బా కొనునది ఎప్పుడు? కుక్క మిక్కిలి బాధపడు దినమున. మిక్కిలి చెడ్డ దినము తరువాత వచ్చునది సాధారణముగా అంతకంటె మంచి దినమే. వెండ్రుకలు రాలు ఋతువున నూనె కొందుము. కొన్ని వారములకు క్రొత్త వెండ్రుక తనంత తానే మొలచును. ఆ కీర్తి నూనెసీసాకు దక్కును.

రెండవది సహచరము. చూర్ణము కొన్న యజమానుడు ఆ వారమునుండియే కుక్కను ఉదయమున నడిపించుటకు తీసికొనిపోవును. మంచి పరుపు వేయును. పేలు, పిడుదులు ఏరించును. మేలు వీనివలన కలిగి యుండవచ్చును. కుండకు మన్ను మోసిన గాడిద కుండకు కారణము కాదని తార్కికులు చెప్పుదురు. అన్యథాసిద్ధ మనగా నదియే. డబ్బాలోని చూర్ణము కుమ్మరియో, గాడిదయో మనము తేల్చుకొనవలెను.

మూడవది మన మనస్సు. ఇది తక్కిన రెండింటికంటె బలవత్తరము. కీళ్లవాపుతో కుంటుచున్న 58 కుక్కలకు మందులేని బిళ్లలనే యిచ్చి పరిశీలించిన వివరములను అమెరికాలో 2012లో పండితులు ప్రకటించిరి. అడుగువేయునపుడు కాలు నేలపై మోపు బరువును కొలుచు యంత్రముతో ఆ కుక్కలను నడిపించి చూచిరి. మార్పు లేదని యంత్రము చెప్పిన కుక్కలనే చూచి, యజమానులు తరచుగా "నడక బాగుపడినది" అనిరి. అంతేకాదు, పశువైద్యులును అట్లే తరచుగా పొరబడిరి. చదివిన వైద్యుని కన్నే యిట్లు మోసపోగా, ప్రేమతో నిండిన యజమానుని కన్ను మోసపోవుటలో వింత యేమున్నది?

అట్లయిన ఈ పూరకములన్నియు వ్యర్థములేనా? కావు. ఒకానొకప్పుడు ఇవి ప్రాణమును నిలిపినవి. లండను నగరమున ఎడ్వర్డు మెల్లన్‌బీ యను వైద్యుడు కుక్కపిల్లలను ఇంటిలోనే యుంచి, లోపము గల ఆహారమును పెట్టగా వాని యెముకలు మెత్తబడి వంకరపోయినవి. కాడ్ చేపకాలేయపు నూనె పెట్టిన పిల్లలకు ఆ రోగము రాలేదు. ఈ సంగతి ఆయన 1919లో ప్రకటించెను. ఆ నూనెలోని యెముకలకు మేలుచేయు పదార్థమునకే తరువాత విటమిను-డి యను పేరు వచ్చినది. 1937లో అమెరికాలో ఎల్వ్‌జెమ్ అను పండితుడు నల్లనాలుక యను వ్యాధి గల కుక్కలకు నికోటినిక్ ఆమ్లము నిచ్చి స్వస్థత కలిగించెను. ఆ వ్యాధి మనుష్యులకు వచ్చు పెల్లాగ్రాకు తోబుట్టువు. జొన్నయే ముఖ్యాహారముగా గల మన దక్కను పేదలలో పెల్లాగ్రా కనబడుచుండగా, గోపాలన్ గారును వారి సహచరులును హైదరాబాదున, నేడు జాతీయ పోషకాహార సంస్థ యని పిలువబడు పరిశోధనాలయమున, 1960ల దశకమున దానిని పరిశోధించిరి. జొన్న గల ఆహారముతో కుక్కలకు నల్లనాలుక కలుగుటను వారు చూపిరి. కుక్క మూలమున మనుష్యుని రోగము తెలిసినదన్నమాట.

ఈ కథలన్నింటిలో ఒక సామాన్య ధర్మము గలదు. లోపము మొదట నున్నది. ఆ లోపమును పూరించినది గనుక పూరకము ఫలించినది. గోతిలో పోసిన మన్ను నేలను చదును చేయును. చదునైన నేలపై పోసిన మన్ను దిబ్బ యగును. సమతులముగా తయారుచేసిన ఆహారమును తిను ఆరోగ్యవంతమైన కుక్కకు గొయ్యి సామాన్యముగా నుండదు. విటమిను-సి సంగతియే చూడుడు: మనుష్యునకు అది ఆహారమునుండియే రావలెను, కుక్క తన కాలేయమునందే దానిని చేసికొనును. మనకు కావలసినది దానికిని కావలెనని తలచుట సరికాదు. ఇక వట్టి పెరుగన్నమే తిను కుక్క సంగతి వేరు. దానికి నిజముగా లోపము లుండవచ్చును. అది డబ్బాను చూచి కాక, వైద్యునితో ఆలోచించి, ఆహారమునే సవరించి తీర్చవలసిన లోపము.

దిబ్బ కేవలము వ్యర్థమే కాదు, అపాయకరమును గావచ్చును. పెద్దజాతి కుక్కపిల్లలకు బలమని కాల్షియము అధికముగా పెట్టినచో ఎముకల పెరుగుదల చెడునని గ్రేట్ డేన్ పిల్లలపై జరిగిన పరీక్షలు తెలిపినవి. విటమిను-డి మితిమీరినచో రక్తమున కాల్షియము పెరిగి మూత్రపిండములు చెడును. మనుష్యులకై చేసిన కొన్ని తీపి బిళ్లలయందు చక్కెరకు బదులుగా వేయు జైలిటాల్ అను పదార్థము మనకు హాని చేయకున్నను, కుక్కకు కొంచెమే విషము. ఇనుము గల బిళ్లలును అట్టివే. కావున మన యౌషధముల పెట్టెనుండి కుక్కకు దానము చేయవలదు.

నేడు ఎక్కువగా అమ్ముడగునవి రెండు. కీళ్లకై గ్లూకోసమీను, కాండ్రాయిటిన్ అనునవి ఒకటి. చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వులు రెండవది. అనేక పరీక్షలను ఒక్కచోట చేర్చి విమర్శించి 2022లో కెనడా పండితులు ప్రకటించిన సమీక్షలో, కీళ్లవాతము గల జంతువులకు ఒమేగా-3 వలన నొప్పి తగ్గుననుటకు ఆధారము కనబడినది. గ్లూకోసమీను, కాండ్రాయిటిన్లవలన ఫలము కనబడలేదు. అంగడిలో ప్రక్కప్రక్కనే నిలిచిన రెండు సీసాల గతి యిది. అయినను మేలుచేయు నూనెయు కొవ్వే గనుక, దాని కొలత వైద్యుడు చెప్పవలెను.

ఇక ఇంటిలో పరీక్షించుట యెట్లు? అన్వయ వ్యతిరేకములే మార్గము. అది యున్నప్పుడు మేలుండవలెను. అది లేనప్పుడు మేలు లేకపోవలెను. మనకు మాత్రము ఎప్పుడున్నదో తెలియరాదు. మా యింటి మోతీ పదునొకండేండ్ల నాటుకుక్క. దాని వెనుకకాళ్లు బిగిసికొనగా మా మనుమరాలు పట్టణమునుండి ఒక కీళ్లచూర్ణము పంపినది. వైద్యుని సమ్మతి గైకొని నేనొక యేర్పాటు చేసితిని. మా కోడలు ఒకేవిధమైన రెండు డబ్బాలు తీసికొని, ఒకదానియందు చూర్ణమును, రెండవదానియందు వేయించిన బియ్యపుపిండిని నింపినది. రెండేసి నెలల కొకటి చొప్పున పెరుగన్నములో తానే కలిపి పెట్టినది. ఏది యెప్పుడో నాకు చెప్పలేదు. నేను ప్రతియుదయమును పుస్తకమున రెండే అంకెలు వ్రాసితిని: మేడకు గల 14 మెట్లలో మోతీ ఆగకుండ ఎక్కినవి ఎన్ని, చాపమీదనుండి లేచుటకు పట్టిన క్షణములెన్ని. హుషారు, కళ, ఉత్సాహము అను మాటలు వ్రాయరాదని నియమము పెట్టుకొంటిని.

ఎనిమిది నెలలు గడచిన పిమ్మట కోడలు తన చీటీ విప్పినది. చూర్ణపు నెలలకును పిండి నెలలకును భేదము కానరాలేదు. కానవచ్చిన భేదము ఒక్కటే: మార్గశిర పుష్యమాసముల చలిలో, లోపల నేమి కలిపినను, మోతీ ఆరవ మెట్టుననే ఆగుచుండెను.

అప్పుడు వైద్యుడు దానిని తూచి, 28 కిలోల బరువు దానికి అధికమనియు, 24 చాలుననియు చెప్పెను. చూర్ణము మాని, అన్నము తగ్గించి, మా యింటివా రందరు భోజనవేళ పెట్టు ముద్దలను నిషేధించితిమి. ఈ చివరిదే కష్టమైనది. అయిదు నెలలకు బరువు 25కు దిగినది, మెట్లు పెరిగినవి. అయితే వేసవి వచ్చినందున మెట్లు పెరిగినవేమో యని మరల పుష్యమాసము వరకు నిదానించి చూచితిని. ఆ చలిలో మోతీ తొమ్మిది మెట్లెక్కినది. ఈ రెండవ పరీక్ష నాకు తెలిసియే జరిగినది. పైగా అది ఒక్క కుక్క కథ. కావున దానిని నేను సిద్ధాంతముగా చెప్పను.

దానికి పెద్ద సాక్ష్యము వేరుగా నున్నది. అమెరికాలో 48 లాబ్రడారు కుక్కలను జంటలుగా విభజించి, ప్రతి జంటలో ఒకదానికి రెండవదానికంటె నాలుగవవంతు తక్కువ ఆహారమును పెట్టి, జీవితాంతము చూచిరి. ఫలితము 2002లో వెలువడినది. ఎక్కువ తిన్నవాని మధ్యమ ఆయుర్దాయము 11.2 సంవత్సరములు, తక్కువ తిన్నవానిది 13 సంవత్సరములు. కీళ్లవాతమును వీనికి ఆలస్యముగా వచ్చినది. దాదాపు రెండేండ్ల ఆయువు! దానికి కొనవలసినది ఏమియు లేదు; మానవలసినదే కలదు. అందుచేతనే కాబోలు, దానిని గూర్చి ప్రకటనలు తక్కువ.

కొందరు, "పనిచేయకున్న పోనిండు, నష్టమేమి?" అందురు. నష్టమును చెప్పుచున్నాను. నాతో పనిచేసిన ఉపాధ్యాయులొకరు భార్య గతించిన పిదప ఒక కుక్కతో కాలము గడపుచుండిరి. అది మందగించి, తిండి తగ్గించి, కొంచెము కుంటసాగినది. నీరసమని బలవర్ధక చూర్ణము పెట్టిరి. మొదటి వారమున కొంచెము తేరుకొన్నట్లు కనబడినది. కావున రెండవ డబ్బా కొనిరి. ఆరు వారములకు ముక్కునుండి నెత్తురు కారగా వైద్యుని యొద్దకు పరుగెత్తిరి. అది పిడుదులవలన వచ్చు జ్వరము. రక్తపరీక్షతో తెలియును, వేళకు పట్టినచో మామూలు మందులతోనే తరచుగా కుదురును. ఆ వేళ దాటిపోయినది. చూర్ణము ఆ కుక్కను చంపలేదు. కాని యజమానుని ఆరు వారములు ఊరడించినది. ఆ ఊరటయే దాని మూల్యము. పింఛనులోనుండి పెట్టిన రూపాయలు దానిముందు లెక్కకు రావు.

కావున శ్రోతలారా, డబ్బా మూత తీయుటకు పూర్వము నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. దీనికి ఏ లోపమున్నదని ఎవరు పరీక్షించి చెప్పిరి? మేలును దేనితో కొలుతును, మెట్లతోనా, తూకముతోనా? ఎన్ని నెలలు చూచి, ఫలము లేనిచో ఎన్నడు మానుదును? ఈలోగా వైద్యుడు చూడవలసిన రోగ మేదైన దాగియున్నదా? ఈ నాలుగింటికిని సమాధానము దొరకినచో చూర్ణమును నిర్భయముగా పెట్టుడు. అది ఫలించినచో మీరును నేనును సంతోషింతము. దొరకనిచో ఆ ధనముతో ఒకసారి వైద్యుని చూపించి, తక్కిన దానిని దాచియుంచుడు. పెంపుడు జంతువు మననుండి కోరునది మన తృప్తి కాదు, మన శ్రద్ధ. శ్రద్ధ యనగా కన్నులు తెరచి చూచుటయే.