గుర్రపు కాలి గాయము: పశువైద్యుని పిలువవలసిన సమయము

(రైతులకు చేసిన ఉపన్యాసము)



గుర్రమును పెంచు రైతునకు దాని నాలుగు కాళ్లే దాని వెల. వన్నె, వయస్సు, సుళ్లు ఎంత చక్కగ నుండినను, కాలు చెడిన గుర్రము సవారికి గాని బండికి గాని పనికిరాదు. అట్టి కాలికి గాయమైనప్పుడు మనము సాధారణముగా ఒక్క ప్రశ్ననే వేసికొనుచున్నాము: గాయమెంత పెద్దది? ఈ ప్రశ్న చాలదు. గాయము ఎచ్చట నున్నది? గుర్రము ఆ కాలిపై బరువు మోపుచున్నదా? ఈ రెండు ప్రశ్నలును దానికంటె ముఖ్యమైనవి.

ఒక గుర్రము కంచె దాటబోయి రొమ్ముపై జానెడు చర్మము చీల్చుకొన్నదనుకొనుడు. రక్తము కారును; చూచువారు బెదరుదురు. కాని అచ్చట చర్మము క్రింద దట్టమైన కండయు, సమృద్ధియగు రక్తప్రసారమును కలవు. వైద్యునిచే కుట్టించి శుభ్రముగ నుంచినచో అట్టి గాయము చాలవరకు మానును. మరియొక గుర్రమునకు గిట్టపై కీలు ప్రక్కను తుమ్మముల్లు దిగినది. రంధ్రము శనగగింజంత, రక్తము రెండు చుక్కలు. యజమానుడు పసుపు అద్ది ఊరకుండెను. కొలది దినములలో కీలు వాచి, గుర్రము కాలు నేల కానింపలేకపోయెను. చూచుటకు భయంకరమైన గాయము మానినది. కంటికానని గాయము ప్రాణముమీదికి తెచ్చినది.

దీనికి కారణము కాలి నిర్మాణములోనే కలదు. ముందుకాలి మోకాలికిని, వెనుకకాలి మడమకీలుకును దిగువన కండ లేదు. చర్మము, దాని క్రింద స్నాయువులు, ఎముకలు, కీళ్లు మాత్రమే యుండును. కావున చిన్న ముల్లయినను సులభముగా కీలులోనికి చొరగలదు. అచ్చట గాయము ఆలస్యముగా మానుటయే గాక, దుర్మాంసము పెరిగి పుండు పైకి లేచుటయు సాధారణము.

తక్షణము వైద్యుని పిలువవలసిన సందర్భములు ఇవి:

1. రక్తము చిమ్ముచున్నను, గట్టిగ అదిమి పట్టినను ఆగకున్నను.

2. గాయము కీలుపై గాని, కీలునకు సమీపమున గాని, కాలి వెనుకనుండు స్నాయువుపై గాని యున్నను. గాయమునుండి గ్రుడ్డు తెల్లసొనవలె జిగురుగల పసుపుపచ్చని ద్రవము కారినచో కీలు తెరచుకొన్నదని శంకింపవలెను. అట్టిచోట గంటలు లెక్క గాని దినములు కావు.

3. గుర్రము ఆ కాలిపై బరువు మోపకున్నను. ఎముక విరిగినను ఇట్లే యుండును, గిట్టలో చీము పట్టినను ఇట్లే యుండును. ఈ రెంటిని వేరుపరచుట వైద్యుని పని. విరిగినదను సందేహమున్నచో గుర్రమును అడుగైన నడపింపకుడు.

4. నడచునప్పుడు గిట్టకొన పైకి లేచుచున్నను, గిట్టపై కీలు నేలవైపునకు క్రుంగుచున్నను. స్నాయువు తెగెననుటకు ఇది గుర్తు.

5. గిట్ట అడుగున మేకు దిగినను. నడుమనుండు మెత్తని ముక్కోణపు భాగములో దిగినది మిక్కిలి అపాయకరము.

6. కాలంతయు వాచి, వేడెక్కి, జ్వరము కలిగినను.

7. గాయమేమియు తగులకయే కాలి లోపలివైపు గడ్డలు వరుసగా లేచి పుండ్లుగా పగులుచున్నను. ఇది గ్లాండర్సు కావచ్చును. ఈ వ్యాధి మనుష్యులకును అంటుకొని ప్రాణము తీయగలదు. 2009వ సంవత్సరపు పశువుల అంటువ్యాధుల చట్టములో ఇదియు చేర్చబడినది. అట్టి గుర్రమును వేరుగ కట్టి, వట్టిచేతులతో పుండ్లు తాకక, వెంటనే తెలుపవలెను.

గాయము చర్మమును దాటి లోతుగ నున్నచో, కుట్టవలసిన అవసరమున్నదేమోయని ఆనాడే అడుగుడు. మొదటి 6 మొదలు 8 గంటలలో కుట్టిన గాయము చక్కగ అతుకును. మరునాటి వరకు ఆగినచో సూక్ష్మజీవులు లోన వృద్ధిపొందును.

ఇక వైద్యుడు వచ్చులోపల చేయవలసిన దేమి? మొదట మీ ప్రాణము కాపాడుకొనుడు. నొప్పితోనున్న గుర్రము ఎంత సాధువైనను తన్నును. ఒకరు తలవద్ద పట్టుకొనవలెను. ఎవరును వెనుక నిలువరాదు. రక్తము కారుచున్నచో శుభ్రమైన గుడ్డను మడచి గాయముపై అదిమి కట్టుడు. అది తడిసినచో తీయక, దానిపైననే మరియొకటి కట్టుడు. రక్తము ఆగినపిమ్మట, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి, దానితో మట్టి పోవునట్లు మెల్లగ కడుగవచ్చును. గిట్టలో దిగిన మేకును వైద్యుడు శీఘ్రముగ రాగలిగినచో పీకకుడు. అది ఎంతవరకు దిగినదో ఆయన చూడవలెను. అడుగు వేసినకొలది లోనికి పోవుచున్నచో మాత్రము తీసి, దిగిన చోటును, లోతును గుర్తుంచుకొని, మేకును దాచి చూపుడు.

చేయరాని పనులును కలవు. పసుపు, సున్నము, బూడిద, పేడ, కిరసనాయిలు గాయమున పూయరాదు. ఇవి లోతును కప్పివేయును, కొన్ని మాంసమును కాల్చును. వాచిన కాలికి వాతలు పెట్టుట గాయముపై గాయమే. వైద్యుని అడుగక నొప్పి తగ్గించు మందు ఈయరాదు. నొప్పి మాసినచో కుంటు కనబడదు; గుర్రము విరిగిన కాలిపైననే బరువు మోపును.

ధనుర్వాతమును గూర్చి ప్రత్యేకముగ మనవి చేయవలెను. ఈ వ్యాధిబీజము మట్టిలోను గుర్రపు లద్దెలోను ఉండును. పెంపుడు జంతువులన్నింటిలో గుర్రమే దీనికి సులభముగ లోబడును. 1889లో కిటసాటో ఈ బీజమును వేరుపరచి పెంచెను. 1890లో ఆయనయు బేరింగును దాని విషమునకు విరుగుడు కలదని ప్రకటించిరి. ఆ విజ్ఞానఫలము నేడు టీకారూపమున మనకందినది. మొదట 4 మొదలు 6 వారముల యెడముతో రెండు మోతాదులు, పిదప ఏటేట ఒకటి వేయింపవలెను. గాయమైనప్పుడు కడపటి టీకా ఎప్పుడు వేయించితిరో వైద్యునకు తప్పక చెప్పుడు. దవడలు బిగిసి, కాళ్లు కొయ్యవలె నిలిచి, కంటి లోపలి పొర పైకి వచ్చిన తరువాత చికిత్స మిక్కిలి కష్టము.

వేచి చూడదగిన గాయములు లేకపోలేదు. చర్మము పైపైన గీరుకొనిపోయి, కీలునకు దూరముగ నుండి, గుర్రము కుంటక మేత మేయుచున్నచో కడిగి, ఈగలు వాలకుండ కాపాడి, ఉదయము సాయంకాలము పరీక్షింపుడు. వాపు గాని, కుంటు గాని, చీము గాని కనబడినచో ఇక ఆగవలదు.

ఆరోగ్యముగనున్న పెద్ద గుర్రమునకు విశ్రాంతి సమయమున నాడి నిమిషమునకు 28 మొదలు 44 వరకును, ఊపిరి 8 మొదలు 16 వరకును, వేడి 99 మొదలు 101.5 ఫారన్‌హీట్ డిగ్రీల వరకును ఉండును. మీ గుర్రపు లెక్కలను అది కుశలముగ నున్నప్పుడే చూచి వ్రాసి యుంచుకొనుడు. పిలుచునప్పుడు ఏ కాలు, ఎచ్చట, ఎప్పుడు తగిలినది, బరువు మోపుచున్నదా, రక్తము ఆగినదా, టీకా ఎప్పుడు వేయించితిరి అను సంగతులను వరుసగా చెప్పుడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో సంచార పశువైద్య శకటములకై ఏర్పరచిన ఫోను సంఖ్య 1962.

అనవసరముగ పిలిచితిమేమోయని సంకోచింపకుడు. వైద్యుడు వచ్చి ఏమియు లేదని చెప్పిపోయినచో నష్టపోవునది స్వల్పమైన రుసుము. రావలసినవాడు మూడుదినములు ఆలసించి వచ్చినచో నష్టపోవునది గుర్రము.