మూలబడిన ఫోను – ఇంటి తెలుగు భాండారము

(గుడియాత్తంలో జరిగిన సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



మేము పదవ తరగతితో చదువు చాలించి, రాయవేలూరులో బట్టల వ్యాపారము చేసికొనుచున్నవారము. యంత్రశాస్త్రము చదివినవారము కాము. అయినను నేడు మీ యెదుట ఒక యంత్రమును గూర్చియే మాటలాడ నిలిచితిమి. అందుకు కారణము మాకు కలిగిన ఒక నష్టము. దానిని ముందుగా విన్నవించెదము.

మా తల్లిగారు సాయంవేళ మనుమలను చుట్టు కూర్చుండబెట్టుకొని తెలుగు కథలు చెప్పుచు, పాటలు పాడుచు ఉండెడివారు. మా కుమారుడు వానిలో కొన్నిటిని తన సెల్‌ఫోనులో పట్టియుంచెను. ఆమె గతించిన పిమ్మట, క్రొత్త ఫోను కొనునపుడు పాతదానిని మార్పిడి క్రింద ఇచ్చివేసితిమి. దానికి కట్టిన విలువ కొన్ని వందల రూపాయలు. దానితో తల్లిగారి కంఠస్వరము కూడ పోయినది. ఇల్లు చేరినదాక ఆ సంగతి మాకు స్ఫురింపనేలేదు. ఇన్నేండ్ల వ్యాపారములో మేము ఇంత చెడ్డ బేరము మరియొకటి చేసి యెరుగము.

ఈ మాట మన సభలో చెప్పుటకు హేతువు కలదు. 2006 నాటి చట్టముచే మన రాష్ట్రమున 2006-07 లో ఒకటవ తరగతి నుండి తమిళము తప్పనిసరి పాఠ్యభాషయైనది; ఏటేట ఒక్కొక్క తరగతి పెరిగి 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. కాని ఇంట తెలుగు మాటలాడు పిల్లలు తెలుగు అక్షరము చదువలేని స్థితి వచ్చినది. అక్షరము నేర్పు భారము ఇంటిపై పడినది. మరి ఇంటిలో తెలుగు పుస్తకము ఎక్కడ ఉన్నది?

బీరువాలో మూలబడియున్న పాత ఫోనులో ఉండవచ్చునని మా మనవి. అద్దము పగిలిన ఫోను నొకదానిని మేము ఇంటికి సర్వరుగా మార్చుకొంటిమి. ఆ పేరునకు బెదరనక్కరలేదు. అంగడిలో గుమాస్తా ఏమి చేయును? అడిగినవారికి అడిగిన సరకు తీసి యిచ్చును. ఇదియు నంతే. ఇంటి వైఫై రౌటరుతో కలిసి యుండి, ఇంటిలోని ఏ ఫోను, ఏ కంప్యూటరు అడిగినను తనలోని పుస్తకమునో పాటనో తీసి చూపును. ఒకసారి నింపుకొన్న పిమ్మట దీనికి ఇంటర్నెట్టుతో పని లేదు. నెల చందాయు లేదు.

పద్ధతి చెప్పెదము. మొదట ఫోనులోని చిత్రములను, స్వరములను వేరొకచోట భద్రపరచి, బ్యాంకు వివరములు మున్నగునవి అన్నియు తుడిచివేసి, సిమ్ము తీసివేయవలెను. సులభమైన మార్గము కివిక్స్ అను ఉచిత యాప్. 2003 లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను దస్త్రముగా దింపుకొని, దీని ద్వారా ఇంటివారి కందరికి పంచవచ్చును. సొంత దస్త్రములకు టెర్మక్స్ అను యాప్ కలదు. దానిని ఎఫ్-డ్రాయిడ్ నుండి దింపి, అందులో పైథాన్ చేర్చినచో, ఒక్క వరుస ఆజ్ఞతో 8080 అంకెగల పోర్టున మన ఫోల్డరు తెరచుకొనును. రౌటరులో ఆ ఫోనునకు మారని అంకెల చిరునామా కేటాయింపవలెను. దినమునకొక వీధికి మారు అంగడిని ఎవరు వెదకగలరు? వీరేశలింగముగారు 1919 లోను, గురజాడవారు 1915 లోను గతించిరి. రచయిత మరణించి 60 ఏండ్లు గడచినచో మన దేశచట్టము ప్రకారము వారి రచనలు అందరి సొత్తు. కావున వానిని నిస్సంకోచముగా నింపుకొనవచ్చును.

ఖర్చు లెక్క చూతము. తెర ఆర్పియుంచిన ఫోను సాధారణముగా 5 వాట్లకు మించి తినదు. 5 వాట్లే అనుకొన్నను, రేయింబవళ్లు నడచినచో 30 దినములకు 3.6 యూనిట్లు. 60 వాట్లు తిను కంప్యూటరు అదేవిధముగా నడచినచో 43.2 యూనిట్లు.

ఇక మేము చేసిన తప్పిదము. ఫోనును ఎడతెగక ఛార్జరునకు తగిలించి, అటుకపై బట్టల మూటల నడుమ ఉంచితిమి. కొన్ని నెలలకు బ్యాటరీ ఉబ్బి వెనుకమూత లేచినది. నిప్పు అంటుకొనకపోవుట మా అదృష్టము. ఇప్పుడు మరియొక ఫోనును గాలి తగులు రాతి గూటిలో ఉంచి, టైమరు పెట్టి దినమునకు కొన్ని గంటలు మాత్రమే ఛార్జి చేయుచున్నాము. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు, గుచ్చరాదు, చెత్తలో పారవేయరాదు. ఈ-వ్యర్థములను సేకరించువారికి అప్పగింపవలెను. పాత ఫోనులకు భద్రతా సవరణలు వచ్చుట నిలిచిపోవును గనుక, ఈ సర్వరును బయటి ఇంటర్నెట్టునకు తెరువరాదు. ముఖ్యమైనదేదియు ఒకే ప్రతిగా ఉంచరాదు; పెన్‌డ్రైవులో రెండవ ప్రతి ఉండవలెను.

ఇది మాకొక్కరికే తోచిన వింత కాదు. 2025 లో ఎస్టోనియా దేశమందలి టార్టు విశ్వవిద్యాలయమువారు పాత ఫోనులను జతపరచి చిన్న డేటా కేంద్రముగా పనిచేయించిరి. వారును ముందుగా బ్యాటరీలనే తొలగించిరి. 2022 లో ప్రపంచమున 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థము పుట్టగా, సక్రమముగా సేకరింపబడి శుద్ధియైనట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతమే. మన బీరువాలలోని ఫోనులు ఆ రాశిలో కలియక పూర్వమే మనకు ఉపయోగపడవలెను.

కడపట ఒక ప్రార్థన. మే నెలలో గంగమ్మ శిరస్సు ఉత్సవమునకు ఈ ఊరికి మీ బంధువులు అందరు వచ్చెదరు. ఆనాడు ఇంటిలోని అవ్వను, తాతను కూర్చుండబెట్టి, ఒక కథయో పాటయో చెప్పించి పట్టియుంచుడు. ఫోను నింపు పని తెలియనివారు రాయవేలూరులో మా అంగడికి తెండు. మా కుమారుడు చేసి యిచ్చును, రుసుము లేదు. మా తల్లిగారి గొంతు మాకు తిరిగి రాదు. మీ యింటి గొంతులు ఇంకను ఉన్నవి.