ఎండ, పొగ, విషద్రవములు: గృహస్థులకు విన్నపము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



కార్యవర్గమువారు ఈ యేటి మహాసభయందు ఆరోగ్యమును గూర్చి కొంత ప్రసంగింపవలసినదని మమ్ము కోరినారు. మేము వైద్యులము కాము. సంస్కృతము చదివి, బడిపిల్లలకు భాషను బోధించి, ఉద్యోగవిరమణము చేసినవారము. అయినను రోగము వచ్చిన పిదప మాన్పుట వైద్యుని పని. అది రాకుండ చూచుకొనుట గృహస్థుని పని. ఈ రెండవ పనిని గూర్చి మాటలాడుటకు ఉపాధ్యాయునకును కొంత యధికారము కలదని తలంచి అంగీకరించితిమి.

మేము చెప్పదలచినది ఒక్కటియే. దినదినమును మన యిండ్లయందును వీథులయందును కలుగు కీడులలో పెక్కు ఒకరు చేయునవి, మరియొకరు అనుభవించునవి. మండువేసవిలో మధ్యాహ్నపు టూరేగింపును నిర్ణయించినవాడు నీడను కూర్చుండును. బ్యాండు వాయించువాడు ఎండను నడచును. పొగ త్రాగువాడు తండ్రి, దగ్గువాడు బిడ్డ. ఆసిడు సీసాను కొనితెచ్చువాడు యజమానుడు. దాని యావిరిని పీల్చునది పనిమనిషి. కావున దీనిని ఆరోగ్యవిషయముగా మాత్రమే కాక ధర్మవిషయముగ కూడ భావింపుడని మనవి.

1. ఎండ

మనలో పెక్కుమంది నివాసము దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి. నగరు వరకు విజయవాడ బాట కిరుప్రక్కల నున్నది. దిల్ అనగా హృదయము. సుఖశబ్దము మన సంస్కృతమే. పేరునందే హృదయసుఖము గల యూరిది. అయినను వైశాఖమాసమున మిట్టమధ్యాహ్నము ఆ బాటపై నడచినవారికి సుఖమెంతయో తెలియును. 2018 సెప్టెంబరు 24వ తేదీనుండి అమీర్‌పేటకును ఎల్.బి. నగరునకును మెట్రోరైలు నడచుచున్నది. దానివలన ప్రయాణము చల్లనయ్యెను గాని రైలు దిగిన పిదపటి నడక చల్లబడలేదు. ఎల్.బి. నగరు కూడలియందు నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము పోవు బస్సులకై ముసలివారు మూటలతో నిలిచియుందురు. ప్రొద్దుననే కూలికై వచ్చి నిలిచినవారు పగలెల్ల ఎండలోనే పని చేయుదురు. చదువులకై పల్లెలనుండి వచ్చిన పిల్లలు మేడపై రేకులగదులలో కాపురముందురు.

2015 మే మాసమున వడగాడ్పులవలన దేశమున రెండువేలమందికి పైగా మరణించిరి. అందు అధికసంఖ్యాకులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములవారే. 2025 ఏప్రిల్ మాసమున తెలంగాణ ప్రభుత్వమువారు వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుని కుటుంబమునకు 4 లక్షల రూపాయల సాయము నిర్ణయించిరి. సాయము మంచిదే, కాని అది ప్రాణము పోయిన పిదప వచ్చునది.

దేహము చెమటవలన చల్లబడును. చెమటతో నీరును ఉప్పును పోవును. వానిని మరల నింపకున్నచో తలనొప్పి, వాంతి, కాళ్లపట్టులు మొదలగును. దేహతాపము 40 డిగ్రీలకు మించి, మనిషి పొంతనలేని మాటలాడినను, స్మృతి తప్పినను అది వడదెబ్బ. చెమట పట్టుచున్నది గదా యని ఉపేక్షింపరాదు. ఎండలో కష్టించువానికి చెమట పట్టుచుండగనే వడదెబ్బ తగులవచ్చును. అట్టివానిని తక్షణమే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలంతయు నీటితో తడిపి, విసరుచు, 108 నంబరునకు ఫోను చేయవలయును. స్మృతిలేనివాని నోట నీరు పోయరాదు. అది ఊపిరిగొట్టమున పడును. జేబులో ఉల్లిగడ్డ నుంచుకొన్నచో వడదెబ్బ తగులదని కొందరి నమ్మకము. ఉల్లిగడ్డకు అట్టి శక్తి లేదు, గొడుగునకు కలదు.

లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెరయు అర చెంచా ఉప్పును, తలకొట్టుగా కొలిచి కలిపినచో అదియే ప్రాణరక్షక పానీయము. ఉప్పు వేసిన మజ్జిగయు, తైదంబలియు మన పెద్దలనాటినుండి వచ్చినవి. చరకసంహిత సూత్రస్థానమున ఆరవ యధ్యాయము ఋతుచర్యను గూర్చినది. అందు గ్రీష్మమున శరీరశ్రమను మానుమనియు, చల్లని యింట పగలు విశ్రమింపుమనియు చెప్పబడినది. విశ్రాంతికి వీలులేని కూలివానికి ఆ వీలు కల్పింపవలసినది పని చేయించుకొనువాడు. పండ్రెండు మొదలు నాలుగు గంటలవరకు పని నిలుపుట ఆతని చేతిలోనిదే.

ఇంటికప్పును గూర్చి యొకమాట. నల్లని కప్పు ఎండను మ్రింగును. తెల్లని కప్పు మరల్చును. ఈ యుద్దేశముతోనే తెలంగాణ ప్రభుత్వమువారు 2023లో శీతలపు కప్పుల విధానమును ప్రకటించిరి. మేడపై గదులు అద్దె కిచ్చువారు వేసవికి ముందు కప్పునకు తెల్లని సున్నము పూయించినచో ఆ వ్యయము స్వల్పము. లోపల చదువుకొను పిల్లవానికి కలుగు మేలు గొప్పది.

2. పొగ

ధూమపానము శాస్త్రసమ్మతమే యని కొందరు చమత్కారముగా మాతో వాదించుట కలదు. చరకసంహిత సూత్రస్థానమున అయిదవ యధ్యాయమున ధూమపానప్రసంగ మున్నమాట నిజము. కాని అది సుగంధౌషధములతో చేసిన వర్తిని వైద్యవిధి ననుసరించి కాలనియమముతో సేవించుట. అకాలమున, అతిగా సేవించినచో చెవుడు, గ్రుడ్డితనము, తలతిరుగుడు మొదలగునవి కలుగునని అచ్చటనే హెచ్చరిక కూడ నున్నది. పొగాకు ఆ గ్రంథమునకు తెలియనే తెలియదు. అది అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి యోడలలో మన దేశమునకు వచ్చినది. అక్బరు పాదుషా కొలువునకు దానిని బిజాపురమునుండి కొనిపోయినవాడు అసద్ బేగు. పిదప 1617లో జహంగీరు దానిని నిషేధించెను. నాలుగువందల యేండ్ల యలవాటును సనాతనాచార మనుట తగదు.

కన్యాశుల్కములోని గిరీశము చుట్టను పొగడుట విని మనము నవ్వుకొందుము. నాటకమున నవ్వు నవ్వే. ఆస్పత్రిలో నవ్వు రాదు. ఉత్తరాంధ్ర తీరమున, శ్రీకాకుళము మొదలగు తావుల, కొందరు స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగుదురు. అందువలన అంగిటియందు పుండ్లును, పుట్టకురుపును కలుగుట వైద్యపరిశోధకులు స్పష్టముగా గుర్తించినారు. మన నగరమున ఎర్రగుట్టలపై 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆస్పత్రి వాకిట ఒక్క పూట కూర్చుండినచో, పొగాకు వెల సిగరెట్టు పెట్టెపై ముద్రించిన ధర కాదని తెలియును.

త్రాగువానికంటె ప్రక్కవాని సంగతి మరింత శోచనీయము. గది తలుపులు మూసి త్రాగిన పొగ తెరలకును, పరుపులకును, పసిబిడ్డ యూపిరికిని పట్టును. కిటికీ తెరచినంతమాత్రమున అది పోదు. కాయిలని పిలుచు దోమలబత్తియు నిట్టిదే. ఒక్క కాయిలు పూర్తిగా కాలుటచే వెడలు సూక్ష్మధూళి 75 మొదలు 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ప్రకటితమైన యొక పరిశోధన తేల్చినది. పసివారున్న గదికి దోమతెర మేలు.

ఇక మనలోని వర్తకసోదరులకు మనవి. 2003 నాటి పొగాకు చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు. విద్యాసంస్థకు 100 గజముల లోపల అసలే అమ్మరాదు. 2008 అక్టోబరు 2 మొదలు బహిరంగస్థలములందు పొగ త్రాగుట దేశమంతట నిషిద్ధము. దిల్‌సుఖ్‌నగరున సందుసందునకు శిక్షణాకేంద్ర మున్నది. దాని క్రింద పాన్‌డబ్బా యున్నది. అచ్చట సిగరెట్లు విడివిడిగా ఒక్కొక్కటియే దొరకును. శిక్షణాకేంద్రము విద్యాసంస్థ యగునా కాదా యని న్యాయవాదులు వాదించుకొనవచ్చును. పిల్లవాని ఊపిరితిత్తులకు ఆ భేదము తెలియదు. ఊరినుండి తండ్రి పంపిన డబ్బుతో వాడు మొదటి సిగరెట్టు కొనునది మన యంగడిలో కాకుండుగాక. లాభములో కొంత తగ్గును, మేము కాదనము. కాని ఆ పిల్లవాడు మన బంధువర్గములోనివాడే యైనచో మనము అమ్ముదుమా? ఈ ప్రశ్నకు వచ్చు సమాధానమే పరుల బిడ్డకును వర్తించును.

మానదలచినవారికి ప్రభుత్వము నడపు ఉచిత ఫోను సాయము కలదు, సంఖ్య 1800-11-2356. ఆ సంఖ్య సిగరెట్టు పెట్టెపైననే యుండును. మానుట ఒక్క ప్రయత్నమున కాకున్నచో సిగ్గుపడ నక్కరలేదు; మరల ప్రయత్నింపవలయును.

3. శుభ్రము చేయు ద్రవములు

ఇల్లు శుభ్రముగా నుంచుట మన గృహిణుల శోభ. కాని నేడు శుభ్రత పేరిట ఇంటిలో చేరిన సీసాలు కొన్ని భయంకరములు. మరుగుదొడ్డికి ఆసిడు పోసి, చాలదని దానిపై బ్లీచింగు పొడి చల్లుట పెక్కుచోట్ల కలదు. రెండు మందులు కలిసినచో రెండింతల శుభ్రమని వారి తలంపు. నిజమునకు ఆ రెండును కలిసినంతనే క్లోరిను వాయువు పుట్టును. 1915 ఏప్రిల్ 22న బెల్జియము దేశపు ఈప్రు పట్టణముకడ జర్మను సైన్యము శత్రువులపై విడిచిన విషవాయు విదియే. యుద్ధభూమియందు వాడిన దానిని నాలుగడుగుల స్నానపు గదిలో మన చేతులతో మనమే చేసికొనుట యెంత యవివేకము! కన్నులు మండి, గొంతు పట్టి, దగ్గు తెర వచ్చినచో అన్నియు విడిచి వెంటనే వెలుపలి గాలికి రావలయును. ఆ వాయువు గాలికంటె బరువైనది. నేలకు దగ్గరగా నిలుచును. కావున వంగి కడుగువారికే అపాయ మధికము.

నియమ మొక్కటి చాలును: ఒకనాడు ఒకే ద్రవము, దానికి తోడు నీరు మాత్రమే, కిటికీ తెరచియుండవలయును. నిత్యపు పనికి సబ్బునీరును, గట్టి బ్రష్షును, ఇత్తడికి చింతపండును చాలును.

రెండవ యపాయము సీసాను గూర్చినది. వీథిలో బండిపై అమ్మువాడు ఆసిడును, ఫినాయిలును పాత శీతలపానీయపు సీసాలలో పోసి యిచ్చును. దాహముతో ఆటనుండి వచ్చిన బిడ్డకు అది యేమో తెలియదు. ఆసిడు అమ్మకమున కొన్నవారి పేరు వ్రాసికొని, గుర్తింపుపత్రము చూడవలయుననియు, 18 ఏండ్లలోపువారికి అమ్మరాదనియు 2013 జూలై 18న సుప్రీము కోర్టు ఆజ్ఞాపించినది. పొరపాటున మ్రింగినవారిచే వాంతి చేయింపరాదు. దిగునపుడు కాల్చినది ఎక్కునపుడును కాల్చును. సీసాతో సహా ఆస్పత్రికి కొనిపోవలయును.

మూడవది కన్ను. తాంబూలపు సున్నము కూడ ఇందులకు చేరును. ప్లాస్టికు సున్నపు పొట్లమును పిల్లలు నొక్కగా చిట్లి కంట పడుట తరచుగా జరుగు ప్రమాదము. సున్నము ఆసిడుకంటె లోతుగా కంటిని కాల్చును. మన నగరమున 1987లో స్థాపితమైన ఎల్.వి. ప్రసాదు నేత్రసంస్థ వైద్యులు ఇట్లు కాలిన కన్నులకై క్రొత్త శస్త్రచికిత్సను కనిపెట్టి 2012లో లోకమునకు తెలియజేసిరి. అది మనకు గర్వకారణమే. కాని అంతకంటె ముందు చేయవలసినది కొళాయి క్రింద కన్ను తెరచిపట్టి, కనీసము పావుగంట ఎడతెగక కడుగుట. వైద్యునికడకు పరుగెత్తుటకు ముందే కడుగవలయును. దారిలో జారిపోవు నిమిషములే చూపును హరించును.

4. సంఘము చేయదగినది

పెద్దలు అనుమతించినచో ఈ మహాసభముందు నాలుగు సూచనల నుంచుచున్నాము. ఏప్రిల్ మొదలు జూన్ వరకు మనవారి పెండ్లి యూరేగింపులు ఉదయము పది గంటలలోపల గాని, సాయంకాలము అయిదు గంటల పిదప గాని జరుగవలయును; బ్యాండువారికిని వంటవారికిని నీరు, మజ్జిగ మొదట నీయవలయును. మన శుభాశుభకార్యములందు సిగరెట్టు పళ్లెము కనబడరాదు. మన విద్యార్థి వసతిగృహమున ఆసిడు వాడుక మానిపించి, మేడ కప్పునకు సున్నము పూయింపవలయును. మన వర్తకులు చదువులకు చేరువనున్న యంగళ్లలో పొగాకు నమ్మమని తమంతట తామే నిశ్చయించుకొనవలయును. ఇందులో మొదటి మూడింటికి కావలసిన ధనము మన పోషకుల యౌదార్యమునకు మిక్కిలి స్వల్పము. నాలుగవదానికి ధనము కాదు, మనస్సు కావలయును. దానివలననే మన సంఘము పేరు నిలుచునని మా విశ్వాసము.

 మన బిడ్డలకును, మన యిండ్లలో పనిచేయువారి బిడ్డలకును సమానముగా ఆయురారోగ్యములు కలుగుగాక. స్వస్తి.