కథను పిల్లల చేతికిత్తము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామము తన గ్రంథాలయమును నిలుపుకొనుట సామాన్యవిషయము కాదు. ఈ శుభసమయమున, ఇంకను అక్షరములు రాని పసిపిల్లలకు మనమేమి యిచ్చుచున్నామో యోచింపుడని మిమ్ము కోరుచున్నాను. వారికి ముందు కథ, పుస్తకము తరువాత. ఆ కథను వారు చెవితోనే కాక చేతితో కూడ గ్రహింపవలెనని నా విన్నపము.

ఈ యభిప్రాయము నాకు పుస్తకములవలన కలిగినది కాదు. 2020 మార్చిలో కరోనా కారణముగా బడులు మూతపడినపుడు, నాలుగేండ్ల నా మనుమరాలు ఇంటిపట్టుననే యుండిపోయినది. సెల్‌ఫోను చేతిలో నున్నంతసేపు ఊరకుండెడిది, తీసికొన్నచో ఏడ్చెడిది. ఏమియు తోచక ఒకనాడు ఏడుచేపల కథ మొదలుపెట్టితిని. రాజు, ఏడుగురు కొడుకులు, ఎండని యొక చేప - మీకందఱకు తెలిసిన కథయే. నాకు కథ నోటికి వచ్చును గాని పిల్ల మనసు దానిపై నిలువలేదు. అప్పుడు చెరువునుండి బంకమట్టి తెప్పించి, "ఆ చేపలు మనమే చేద్దామా?" అని యడిగితిని.

పలుచగా ఏడు చేపలు చేయుసరికి ఏడను లెక్క ఆమె వ్రేళ్ళకే తెలిసినది. ఆరింటిని ఎండలో నుంచి, ఏడవదానిపై తడిగడ్డి కప్పితిమి. సాయంకాలము ఒక్కొక్కదానిని వ్రేలితో నొక్కి చూచినది. ఆరును గట్టిపడినవి, ఏడవదానిలో వ్రేలు దిగబడినది. "అమ్మమ్మా, గడ్డి నిజంగానే అడ్డమొచ్చిందే!" అని కేక వేసినది. అంతవఱకు నా కథగా నున్నది ఆ క్షణమున ఆమె కథ యైనది.

ఇక నా తప్పును కూడ చెప్పవలెను. కొన్నాళ్ళకు మబ్బు పట్టిన దినమున మరల చేపలు చేసితిమి. కథలో చేప యెందుకెండలేదని నేనడుగగా, "మబ్బు పట్టింది" అన్నది. "కాదు, గడ్డిమోపు అనాలి, కథలో అంతే" అని గద్దించితిని. పిల్ల చేతిలోని మట్టి క్రింద పెట్టి లేచిపోయినది. మూడు దినములు కథ యడుగలేదు. ఆలోచింపగా, కారణము వెదకుటయే ఆ కథకు ప్రాణమనియు, పిల్ల ఆ పనినే చేయగా నేను దానినే అణచితిననియు తెలిసినది. నాల్గవనాడు నేనే మట్టి పిసికి, "మబ్బెందుకు పట్టిందే?" అని యడిగితిని. ఆమె మొదలుపెట్టిన ఆ కొత్త కథ రెండు సాయంకాలములకు గాని ముగియలేదు.

తల్లులు ఇంట సులభముగా చేయదగినవి కొన్ని మనవి చేయుచున్నాను. చేప, గడ్డిమోపు, ఆవు, గొల్లవాడు, అవ్వ, పిల్లవాడు, చీమ - ఇంటింటికి కొంత మారినను వరుస యిట్టిదే. వీనిని కాగితపు ముక్కలపై బొగ్గుతో గీసి వరుసగా పేర్చుడు. ఒకదానిని దాచి, ఏది పోయినదో అడుగుడు. పిదప చీమనుండి వెనుకకు చెప్పింపుడు. ఏది ముందో, దానివలన నేది కలిగినదో పిల్లలకు దీనివలన బోధపడును.

కడవలో రాళ్ళు వేసి నీరు త్రాగిన కాకి కథకు రెండు గ్లాసులు చాలును. ఒకదానిలో సగమునకు పైగా, రెండవదానిలో అడుగున కొంచెము నీరు పోయుడు. రాళ్ళు వేయగా మొదటిదానిలో నీరు అంచువఱకు వచ్చును. రెండవదానిలో నీరు రాళ్ళ సందులలోనే దాగిపోవును. అంత తక్కువ నీరున్నచో కాకి యేమి చేయునని పిల్లలే యడుగుదురు. సమాధానము మీరు తొందరపడి చెప్పకుడు.

మూడేండ్లలోపు పిల్లలకు చింతగింజలు, చిన్న రాళ్ళు ఇయ్యరాదు. నోటిలోనో ముక్కులోనో పెట్టుకొందురు. పెద్దపిల్లలు ఆడునపుడును చెంత నుండుడు. చేప వంకరగా నున్నను మీరు దిద్దకుడు. పిల్ల విసిగినపుడు ఆపివేయుడు.

ఇది క్రొత్త మాట కాదు. గుజరాతునందలి భావనగరమున 1920లో బాలమందిరమును నెలకొల్పిన గిజుభాయి బధేకా కథను, నాటకమును, చేతిపనిని శిశువిద్యకు ఆధారములుగా గైకొనెను. మన యిండ్లలో అవ్వలు చెప్పిన కథలకు మట్టియు, ఆకులును తోడుచేసికొనుటకు ఖర్చు లేదు. కొంత తీరిక మాత్రము కావలెను.

కార్యవర్గమువారికి రెండు మనవులు. ఒక కథను, దానికి కావలసిన బొమ్మలను గుడ్డసంచిలో నుంచి, పుస్తకమువలెనే ఇంటికి ఎరువిచ్చు ఏర్పాటు చేయుడు. రెండవది, ఊరిలోని వృద్ధులు చెప్పు కథలను వారి మాటలలోనే ఒక నోటుపుస్తకమున వ్రాయించి భద్రపఱచుడు. ఒక అవ్వ కన్నుమూసిన, ఆమె నోటనున్న కథలు మనకు మరల దొరకవు.

నా మనుమరాలి ఏడవ చేప తరువాత ఎండినది. దానిపై ఆమె వ్రేలిగుర్తు నేటికిని చెదరలేదు. మొదటి సంచికొఱకు దానిని తెచ్చితిని. గ్రంథాలయమువారు స్వీకరింప ప్రార్థన.

సెలవు.