మళ్ళీ అమృతం: మన ఆశలు, మన అనుమానాలు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో వేమనను గురించో, గోదావరిని గురించో ప్రసంగించడం మర్యాద. మేము ఒక హాస్య సీరియలును గురించి మాట్లాడతామనేసరికి కార్యదర్శి గారు కొంచెం సందేహించారు. మేము రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. మా చదువు మెట్రిక్కుతో ఆగింది. వేమనను గురించి చెప్పగల పెద్దలు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. కాని మన ఇండ్లలో నలుగురూ కూడినప్పుడు తప్పకుండా వచ్చే మాటలలో ‘అమృతం’ సంగతి ఒకటి. “అది మళ్ళీ వస్తే ఎంత బాగుండును!” అని ఒకరంటారు. “వద్దు బాబూ, ఉన్న పేరు కూడా పోతుంది” అని ఇంకొకరంటారు. ఈ రెంటిలో ఏది న్యాయమో ఈ పూట కాసేపు విచారించి చూద్దాము.

ఎరుగని పిల్లల కొరకు ముందుగా నాలుగు ముక్కలు. ‘అమృతం’ అనే సీరియలు 2001 నవంబరు 18న జెమిని టీవీలో మొదలయింది. సరిగా ఆరేండ్లు నడిచి 2007 నవంబరు 18న ముగిసింది. మొత్తం 313 భాగాలు, వారానికి ఒకటి, ఆదివారం. దానిని రూపొందించినవారు గుణ్ణం గంగరాజు గారు. అందులో అమృతరావు, ఆంజనేయులు అని ఇద్దరు స్నేహితులు. వారికి ‘అమృత విలాస్’ అని ఒక హోటలు. అక్కడ పని చేసే సర్వం. అద్దె కోసం పీకలమీద కూర్చునే అప్పాజీ. ఇండ్లలో సంజీవని, శాంత అనే ఇద్దరు ఇల్లాండ్రు. అమృతరావు త్వరగా డబ్బు సంపాదించడానికి ఒక ఉపాయం పన్నుతాడు, అది తలక్రిందులవుతుంది, మధ్యలో ఆంజి నలిగిపోతాడు. ఇంతే కథ. సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు వ్రాయగా కల్యాణి మాలిక్ గారు స్వరపరచిన ఆరంభ గీతం వినబడగానే వంటింటిలో ఉన్నవారు కూడా చేయి తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చేవారు.

అది ఆరంభమయినప్పుడు మా వయస్సువారము బడి పిల్లలము. ఇప్పుడు మా పిల్లలు బడికి పోతున్నారు. కాబట్టి ఈ సంగతి మాకు వట్టి కాలక్షేపం కాదు. ఎందుకంటే, నాందేడులో ఉన్న మనకు తెలుగు అనేది చాలా మటుకు ఇంటి నాలుగు గోడల నడుమనే బ్రతుకుతున్నది. ఈ జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు వైపు నుంచి వచ్చిన కుటుంబాలకు తెలుగు ఇక్కడ తాతల నాటిది. 2003లో దక్షిణమధ్య రైల్వేలో నాందేడు డివిజను ఏర్పడిన తరువాత ఉద్యోగరీత్యా వచ్చినవారు మరికొందరు. పాతవారమైనా, కొత్తవారమైనా, బజారులో మరాఠీ, బడిలో మరాఠీ, ఇంగ్లీషు, ఆఫీసులో హిందీ. బాసర బండిలో పోయి వచ్చే దూరమే గాని, పిల్లవాడి నోటికి మాత్రం చాలా దూరంగా ఉన్నది.

ఒక ఉదాహరణ చెబుతాము. మా క్వార్టర్లలో ఒక ఇంట యూట్యూబులో పాత భాగమొకటి పెట్టి పిల్లలకు చూపారు. ఆంజి జారి పడితే పిల్లలు పగలబడి నవ్వారు. కాని అతని ఇంటిపేరు ఆముదాలవారు అని తెలిసినప్పుడు ఒక్కరూ నవ్వలేదు. “ఆముదం అంటే ఏమిటి?” అని అడిగారు. నాయనమ్మగారు తలకు రాసుకొనే తీరు, కడుపునొప్పికి పట్టే తీరు అభినయించి చూపితే, “ఓహో, ఎరండేలా!” అని మరాఠీలో గుర్తుపట్టారు. పిల్లల తప్పేమీ లేదు. వారికి వస్తువు తెలుసు, దాని మరాఠీ పేరు తెలుసు. తెలుగు పేరు మాత్రమే తెలియదు. ఒకడు అమృతం, ఇంకొకడు ఆముదం అన్న చమత్కారం అందులోనే ఉన్నది గనుక, మాట తెలియనివాడికి హాస్యం సగమే దక్కింది. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని మన పెద్దల సామెత. పరస్థలంలో ఇటువంటి సీరియలు మనకు నిజంగానే మహావృక్షమయింది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. మళ్ళీ తీస్తే బాగుంటుందా?

వద్దనేవారి మొదటి వాదం ముఖాల మార్పు. “ఆ మనుషులు లేకుండా అమృతమేమిటి?” అంటారు. ఇది వినడానికి సబబుగానే ఉన్నది. కాని కొంచెం జ్ఞాపకం చేసుకోండి. ఆ ఆరేండ్లలోనే అమృతరావు పాత్ర ముగ్గురు చేశారు. మొదట శివాజీ రాజా గారు, తరువాత నరేష్ గారు, ఆ తరువాత హర్షవర్ధన్ గారు. సంజీవని పాత్రకు కూడా మొదటి ఝాన్సీ గారి తరువాత వేరే నటీమణులు వచ్చారు. మారినప్పుడల్లా మనము రెండు మూడు వారాలు సణిగాము, తరువాత అలవాటు పడ్డాము. హోటలు అదే, అప్పాజీ అద్దె అదే, మాటల తీరు అదే కాబట్టి, కొత్తగా వచ్చినవారు ఆ ఇంటిలో ఇమిడిపోయారు.

ఇంగ్లండులో ‘డాక్టర్ హూ’ అని ఒక సీరియలు 1963లో మొదలయింది. 1989లో ఆగి, 2005లో మళ్ళీ ప్రారంభమయి మంచి ఆదరణ పొందింది. అందులో నాయకుడు ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా కొత్త రూపం ధరిస్తాడు. నటుడు మారడాన్ని వారు కథలోనే కలిపివేశారు. కనుక ముఖం మారినంత మాత్రాన ప్రాణం పోతుందని చెప్పలేము.

అయితే కాలం అడ్డం వస్తుంది. ఆంజిగా గుండు హనుమంతరావు గారు ఆ ఆరేండ్లూ ఉన్నారు. 2018 ఫిబ్రవరి 19న వారు కాలం చేశారు. 2020లో సీరియలు తిరిగి వచ్చినప్పుడు ఆ పాత్రను ఎల్.బి. శ్రీరామ్ గారు ధరించారు. శ్రీరామ్ గారు సామాన్యులు కారు. నటులుగాను, రచయితగాను పేరు పొందినవారు. అయినప్పటికీ చూస్తున్నంతసేపు మా చెవులు ఇంకొక గొంతు కోసం వెదికాయి. కథ నడుస్తుండగా మనిషి మారితే మనము కథ వెంట పోతాము. ఒక పుష్కరకాలం గడిచిన తరువాత మారితే, ఆ పన్నెండేండ్లూ మనసులో తిరిగిన గొంతే నిజమనిపిస్తుంది. ఇది కొత్త నటుని లోపమనడం అన్యాయం. జ్ఞాపకంతో పోటీ పడి గెలవడం ఎవరికైనా కష్టమే.

వద్దనేవారి రెండవ వాదం ఇంకా గట్టిది. పెద్దది చేయబోయి చెడగొడతారేమోనని వారి భయం. దానికి నిదర్శనం ఉన్నది. 2014లో గంగరాజు గారే ‘అమృతం చందమామలో’ అని సినిమా తీశారు. అమృతంగా అవసరాల శ్రీనివాస్ గారు వేశారు. అప్పాజీగా శివన్నారాయణ గారు, సర్వంగా వాసు ఇంటూరి గారు పాతవారే. హోటలును చంద్రునిమీద పెట్టారు. అది సీరియలుకు వచ్చిన ఆదరణ పొందలేదు. మాకు తోచిన కారణం ఇది. అమృతరావు కష్టాలకు మనము నవ్వింది అవి మన వీధి కష్టాలు కాబట్టి. నెల మొదటి వారం రాగానే అప్పాజీ తలుపు తట్టే చప్పుడు అద్దె ఇంటిలో ఉన్న ప్రతి కుటుంబానికీ తెలుసు. చంద్రునిమీద ఆ చప్పుడు మనకు వినబడలేదు.

ఇప్పుడు 2020 నాటి సంగతి. శార్వరి నామ సంవత్సర ఉగాది, మార్చి 25. ఆనాడే ‘అమృతం ద్వితీయం’ అనే పేరుతో జీ-5 యాప్‌లో సీరియలు తిరిగి వచ్చింది. హర్షవర్ధన్, శివన్నారాయణ, వాసు ఇంటూరి గార్లు ఉన్నారు. ఆనాడే దేశమంతా లాక్‌డౌను మొదలయింది. ప్రయాణికుల బండ్లు అంతకు ముందే ఆగాయి. గూడ్సు బండ్లు నడుస్తుండేవి కాబట్టి మాలో కొందరికి డ్యూటీ తప్పలేదు. గుడి పాడ్వాకు ప్రక్క ఇంటివారు గుడి నిలబెట్టి, ప్రసాదం పంచడానికి గుమ్మం దాటలేకపోయారు. అటువంటి పండుగనాడు నవ్వించేందుకు ఎవరైనా వస్తే కాదనగలమా? మేము సంతోషించాము. ఆ సంతోషానికి మా కృతజ్ఞత ఎప్పుడూ ఉంటుంది.

కాని ఆ సమయంలోనే మాకు మూడవ అనుమానం కలిగింది. దీనిని గురించి ఎవరూ అంతగా మాట్లాడలేదు. పాత ‘అమృతం’ ముందు గదిలో ఒకే టెలివిజనుపై వచ్చేది. తాతగారు, కోడలు, పిల్లవాడు ఒకే మాటకు ఒకేసారి నవ్వేవారు. పిల్లవాడికి మాట అర్థం కాకపోతే ప్రక్కనున్నవారు చెప్పేవారు. కొత్తది యాప్‌లో, చందా కట్టినవారి ఫోనులో వచ్చింది. ఒకరు వంటింటిలో చూశారు, ఒకరు దుప్పటి కప్పుకొని చూశారు, కొందరు అసలు చూడనే లేదు. ఎవరి నవ్వు వారిదయింది. ఆముదమంటే ఏమిటని అడగడానికి ప్రక్కన ఎవరూ లేరు.

అదే మార్చి నెల 28 నుంచి దూరదర్శన్ వారు రామానంద సాగర్ రామాయణాన్ని మళ్ళీ వేశారు. 1987, 88 సంవత్సరాలలో వచ్చిన ఆ సీరియలునే ఉన్నది ఉన్నట్టుగా వేశారు. 2008లో సాగర్ గారి సంస్థవారే కొత్త నటులతో మరొక రామాయణం తీశారు. సాంకేతికంగా అది పాతదానికంటే ముందున్నదే. అయినా 2020లో ఇంటిల్లిపాదీ కూర్చొని చూసింది పాతదానినే. పాత బొమ్మల గుణం కొంత, ఇంటివారందరూ ఒక్కచోట చిక్కుకొని ఉండడం కొంత, రెండూ కలిసి ఆ పని చేశాయని మా అభిప్రాయం.

రైల్వేవారము గనుక ఇంకొక్క మాట. శంకర్ నాగ్ గారు తీసిన ‘మాల్గుడి డేస్’ మీలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. శంకర్ నాగ్ గారు 1990లో గతించారు. 2006లో కవితా లంకేశ్ గారి దర్శకత్వంలో దానిని మళ్ళీ తీశారు. అయినా జనం మనసులో నిలిచింది మొదటిదే. దానిలో మాల్గుడి స్టేషనుగా చూపిన అరసాళు అనే చిన్న స్టేషను శివమొగ్గ జిల్లాలో ఉన్నది. నైరుతి రైల్వేవారు అక్కడి పాత కట్టడాన్ని బాగుచేసి, 2020లో మాల్గుడి మ్యూజియంగా తెరిచారు. ప్రేమించిన దానిని నిలుపుకోవడానికి మళ్ళీ తీయడం ఒక్కటే మార్గం కాదని ఇందువల్ల తెలుస్తున్నది.

మరి మేము ఏ పక్షం? రావాలనే మా కోరిక. ప్రక్క ఇంటి మరాఠీ మిత్రులకు కూడా ఇటువంటి కోరికే ఉన్నది. వారికి ఆ కాలంలోనే వచ్చిన ‘శ్రీయుత్ గంగాధర్ టిప్రే’ అంటే ప్రాణం. ఆ పేరెత్తితే వారి ముఖాలు వెలిగే తీరు చూసి మన గోడు వారికి చెప్పకనే అర్థమవుతుందనుకుంటాము.

కాని తీసేవారికి మా మనవులు మూడు ఉన్నాయి. మొదటిది, హోటలును మన వీధిలోనే ఉంచండి. ఈనాటి అమృతరావుకు కొత్త కష్టాలకు కొదవ లేదు. ఫోనులో ఆర్డరు పుచ్చుకొనే కంపెనీవారి కమీషను ఉన్నది, నక్షత్రాల మార్కులు ఉన్నాయి, డబ్బు పడిందో లేదో తెలియని ఫోను చెల్లింపులు ఉన్నాయి. అప్పాజీ కూడా ఫోనులోనే అద్దె అడుగుతాడు. రెండవది, ఎనిమిదేండ్ల పిల్లవాడు, ఎనభై ఏండ్ల నాయనమ్మ ఒకచోట కూర్చుని చూడదగినట్లు తీయండి. పాతదానికి ఉన్న గౌరవమే అది. మూడవది, తెలుగును పలుచన చేయకండి. మాట అర్థం కాదేమోనని జంకి ఇంగ్లీషులో చెప్పవద్దు. అర్థం కాని మాటను ఇంటిలో ఎవరో ఒకరు చెబుతారు. పరస్థలంలో ఉన్నవారికి సీరియలు వలన కలిగే లాభమే అది.

తీసేవారు మన మనవి వింటారో, వినరో. వారి పెట్టుబడి, వారి లెక్కలు వారివి. కాని ఆ ముందు గది మన చేతిలోనిదే. అందుకని సంఘంవారికి ఒక సూచన చేస్తున్నాము. నెలకు ఒక ఆదివారం రాత్రి ఈ హాలులోనే పాత భాగాలు రెండు తెరపై వేద్దాము. ఫోనులు సంచిలో పెట్టి రావాలి. తాతలు, నాయనమ్మలు తప్పక రావాలి. ఏ పిల్లవాడైనా మాట అర్థం కాక వెనుకకు తిరిగితే, ప్రక్కనున్నవారు బొమ్మను ఆపించి ఆ మాట చెప్పాలి. ఖర్చు ఒక ప్రొజెక్టరు అద్దె, అందరికీ తేనీరు. మొదటి నెల తేనీటి ఖర్చు మా క్వార్టర్లవారు భరిస్తారు.

నెలకు రెండు చొప్పున 313 భాగాలు చూడడానికి పదమూడేండ్లు పడుతుంది. ఈనాడు ఒకటవ తరగతి చదివే పిల్లవాడు అప్పటికి కాలేజీలో ఉంటాడు. ఈలోగా కొత్త ‘అమృతం’ వస్తే సరే, అందరమూ ఇక్కడే కూర్చుని చూద్దాము. రాకపోయినా ఆ పిల్లవాడు ఆముదమన్న మాటకు ఎవరూ చెప్పనక్కరలేకుండానే నవ్వుతాడు.

 భోజనాల వేళయింది. సెలవు.